ఇల్లేమో మండువా, బాత్రూమేమో షాపింగ్ మాల్: రెండింటినీ కలపడం ఎలా?

ఎపిసోడ్ మొదలెట్టే ముందు ఒక చిన్న ప్రశ్న. మీ ఇంటికి చుట్టాలొచ్చారనుకోండి. హాలు చూపిస్తారు, వంటిల్లు చూపిస్తారు, డాబా ఎక్కించి పక్కవాళ్ళ కొబ్బరితోట కూడా చూపిస్తారు. ఈలోపు ఎవరో "బాత్రూమ్ ఎటండీ?" అన్నారు. అప్పుడు ఒక్క క్షణం ఆగుతారా లేదా? "ఉండండి ఉండండి, ఒక్క నిమిషం" అని ముందు మీరు లోపలికెళ్ళి బకెట్టు సర్దేసి, తడి తువ్వాలు తీసేసి, అప్పుడు పిలుస్తారు. ఆయ్, నాకు తెలుసండి, మా ఇంట్లోనూ అంతే.

ఇవాళ మాట్లాడుకునేది ఆ గది గురించే. బాత్రూమ్‌ని ఇంటి మొత్తం స్టైల్‌తో ఎలా కలపాలి అని. ఇంటర్నెట్‌లో ఇలాంటివి వెతికితే ఏవో ఫారిన్ ఫొటోలు వస్తాయి. మంచు కురిసే ఊళ్ళో చెక్క ఫ్లోరు, మధ్యలో తొట్టి, పక్కన కొవ్వొత్తి. మన కోనసీమలో ఆ చెక్క ఫ్లోరు రెండు వానాకాలాలు దాటదండి. అందుకని ఈ ఎపిసోడ్ మొత్తం మన అమలాపురం, రాజోలు, కొత్తపేట ఇళ్ళకి సరిపడేలా చెప్తాను. వేరే జిల్లాల వాళ్ళకి కూడా చాలా వరకు పనికొస్తుంది, మీ ఊరి నీళ్ళని బట్టి కొంచెం మార్చుకోండి.

ముందు మా ఇంట్లో జరిగిందే చెప్తాను

మా మేనత్త వాళ్ళది అమలాపురానికి దగ్గర్లోనే ఒక ఊరు. పాత మండువా లోగిలి. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, మండువా అంటే ఇంటి నడిమధ్యన ఆకాశం కనపడే ఖాళీ. నాలుగు వైపుల నుంచీ పెంకుల చూరు ఆ మధ్యలోకి వాలి ఉంటుంది. వాన పడితే నీళ్ళన్నీ అక్కడ పడి, తూము గుండా బయటికి పోతాయి. చుట్టూ చెక్క స్తంభాలు, ముందు అరుగులు, కింద ఎర్ర గచ్చు. అమలాపురం పక్కన పేరూరు వెళ్తే ఇలాంటి ఇళ్ళు ఇప్పటికీ చూడొచ్చు.

ఈ ఇళ్ళల్లో ఒకటి గమనించారా? స్నానాల గది ఇంట్లో ఉండదు. పెరట్లో, నూతి దగ్గర ఉంటుంది. గిలక, చేద, నీళ్ళ గాబు, కట్టెల పొయ్యి మీద కాగు, చుట్టూ తడికో కొబ్బరాకు దడో. మరుగుదొడ్డి అయితే ఇంకా అవతల, పెరటి చివర. అంటే మన పాత ఇంటి స్టైల్‌లో బాత్రూమ్ అనే భాగమే లేదన్నమాట. మన తాతలు మనకి హాలు ఎలా ఉండాలో చూపించారు, వంటిల్లు ఎలా ఉండాలో చూపించారు. ఇంటి లోపలి బాత్రూమ్ ఎలా ఉండాలో చూపించలేదు. అందుకే అక్కడికొచ్చేసరికి మనం షోరూమ్ వాడు ఏది పెడితే అది తెచ్చేస్తాం. ఇది మన తప్పు అని కూడా నేననను. చూసి నేర్చుకోడానికి నమూనా లేదు, అంతే.

మా బావ కువైట్‌లో ఉంటాడు. వాళ్ళమ్మ ఈ వయసులో రాత్రిపూట పెరట్లోకి వెళ్ళడం వాడికి ఇష్టం లేదు. పాములు, వాన, చీకటి. డబ్బు పంపి, వెనక వసారాలో ఒక మూల బాత్రూమ్ కట్టించాడు. డిజైన్ అంతా ఫోన్‌లోనే. అక్కడ తను చూసిన హోటల్ బాత్రూమ్‌ల ఫొటోలు పంపేవాడు, ఇక్కడ మేస్త్రి అలాగే చేసేవాడు. తళతళలాడే తెల్లటి గ్లాసీ టైల్స్, నేలకీ అవే, గోడకీ అవే. బంగారు రంగు కుళాయిలు. సీలింగ్‌లో నీలం రంగు ఎల్‌ఈడీ. గృహప్రవేశం లాగా అందరినీ పిలిచి చూపించారు. నేను కూడా వీడియో తీసుకున్నాను, అబద్ధం ఎందుకు.

కానీ ఎర్ర గచ్చు మీద నడుచుకుంటూ వచ్చి, చెక్క స్తంభం దాటి, ఆ తలుపు తీస్తే పెరుగన్నంలో ఐస్‌క్రీమ్ వేసినట్టుండేది. ఏదీ చెడ్డది కాదు, కానీ రెండూ కలవవు.

సరిగ్గా ఐదో వారంలో మా అత్త అందులో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్, మూడు నెలలు మంచం. బావ ఫోన్ చేసి ఒకటే మాట, "ఏరా, నేనింత ఖర్చు పెట్టింది అమ్మ సుఖంగా ఉంటుందనే కదరా." నాకేం చెప్పాలో తెలియలేదండి. లేచి తిరుగుతున్నాక అత్త ఆ గదిలోకి వెళ్ళనంది. కర్ర పట్టుకుని మళ్ళీ పెరట్లో తడిక దగ్గరికే. "అది అద్దంలా ఉందిరా నాన్నా. అద్దం మీద ఎవరైనా నడుస్తారా?" అంది.

ఆ గది మళ్ళీ చేయించే బాధ్యత నా మీద పడింది. అప్పుడు నేర్చుకున్నవే ఇప్పుడు చెప్పబోతున్నాను. మ్యాచింగ్ అంటే అందం కోసమే అనుకునేవాణ్ణి. ఆ గది బయట ఇల్లెలా ఉందో, అందులో నడిచేవాళ్ళెవరో, ఊళ్ళో నీళ్ళెలా ఉన్నాయో, ఈ మూడూ కలిస్తేనే అది మ్యాచింగ్ అని తర్వాత తెలిసింది.

చీర, అంచు

ముందు రంగుల సంగతి. చాలామంది అడుగుతారు, ఇంటి మొత్తం ఏ రంగుంటే బాత్రూమ్‌కి కూడా అదే వేయాలా అని. అక్కర్లేదండి. బండారులంక చేనేత చీర చూడండి. మన అమలాపురం పక్కనే కదా. చీర ఒళ్ళంతా ఒక రంగు, అంచు ఇంకో రంగు. కానీ రెంటికీ చుట్టరికం ఉంటుంది, అంచులో ఒళ్ళు రంగు పోగు ఎక్కడో కలుస్తుంది. ఇల్లు చీర అనుకుంటే బాత్రూమ్ అంచు. అచ్చం అదే రంగు కానక్కర్లేదు, కానీ ఇంట్లోవి రెండు మూడు పోగులు లోపల కనపడాలి.

ఎలా చేయాలో చెప్తాను. ఫోన్ తీసి, పగటి వెలుతురులో మీ హాల్లో, వసారాలో నాలుగు ఫొటోలు తీయండి. లైట్లు వేయకుండా. ఫొటోలు చూసి, ఎక్కువ కనపడే మూడింటిని రాసుకోండి. మా అత్త ఇంట్లో అవి ఏమొచ్చాయంటే: గచ్చు ఎరుపు, టేకు గోధుమ రంగు, సున్నపు తెలుపు. చివర్న చిన్నగా ఇత్తడి పసుపు, గంగాళం, చెంబులు ఉన్నాయి కదా. ఇక షాపులో ఈ నాలుగూ దాటి వెళ్ళకూడదని మాకు మేమే రూలు పెట్టుకున్నాం. నిజం చెప్పాలంటే దీనివల్ల సగం ఖర్చులు అక్కడే ఆగిపోయాయి. షోరూమ్‌లో కళ్ళు చెదిరే టైలు చూపించినా, "మా నాలుగింట్లో లేదండి" అనేయడమే.

కొత్త ఇంటికి కూడా ఇదే పద్ధతి. మీ హాల్లో బూడిద రంగు వెట్రిఫైడ్ టైల్స్, తెల్ల గోడలు, నల్ల గ్రానైట్ మెట్లు ఉన్నాయనుకోండి, ఆ మూడే మీ పోగులు. అక్కడికి వెళ్ళి మట్టి రంగు టెర్రకోట బాత్రూమ్ పెడితే మళ్ళీ అదే గొడవ, తిరగేసి.

రంగు ఎంచుకునే ముందు గ్లాసుడు నీళ్ళు

ఇది చాలా ముఖ్యం, ఎవరూ చెప్పరు, కొంచెం జాగ్రత్తగా వినండి. టైల్ షాపుకి వెళ్ళే ముందు మీ బోరు నీళ్ళు ఒక గాజు గ్లాసులో పట్టి, మూత పెట్టకుండా రాత్రంతా వదిలేయండి. పొద్దున్న చూడండి. పట్టినప్పుడు తేటగా ఉన్న నీళ్ళు ఎర్రగా, అడుగున తుప్పులాగా మారాయంటే ఇనుము ఉన్నట్టు. భూమిలో ఉన్నంతసేపూ అది నీళ్ళలో కరిగి కనపడదు. గాలి తగలగానే ఆక్సిజన్‌తో కలిసి ఎర్రబడుతుంది. ఇంకో పరీక్ష, అవే నీళ్ళు ఒక నల్లటి ప్లేటు మీద చిలకరించి ఆరనివ్వండి. తెల్లటి మచ్చలు మిగిలితే ఉప్పు, సున్నం ఎక్కువ.

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, అంతర్వేది వైపు, అంటే సముద్రం దగ్గరయ్యే కొద్దీ చాలాచోట్ల నీళ్ళలోనూ ఉప్పే, గాలిలోనూ ఉప్పే. పైకి, కొత్తపేట, రావులపాలెం వైపు వస్తే కాస్త నయం. కానీ పక్కపక్క వీధుల్లోనే బోర్లు తేడాగా ఉంటాయి కాబట్టి పక్కింటి వాళ్ళు చెప్పింది నమ్మొద్దు, మీ గ్లాసు మీరే పెట్టుకోండి.

దీనికీ రంగుకీ ఏంటి సంబంధం? ఇనుము నీళ్ళ మీద తెల్ల నేల వేస్తే ఏడాదిలో టీ ఒలికిన గుడ్డలా అవుతుంది. ఉప్పు నీళ్ళ మీద నల్ల గ్రానైటు వేస్తే రోజూ తెల్ల మచ్చలు తుడుచుకుంటూ కూర్చోవాలి. మీ నీళ్ళు ఏ రంగు మరక పెడతాయో నేల ఆ రంగుకి దగ్గరగా ఉంటే మరక కనపడదు. ఇనుముంటే ఇటుక రంగు, మట్టి రంగు, ముదురు గోధుమ. ఉప్పుంటే ఇసుక రంగు, సిమెంటు రంగు. కోనసీమ పాత ఇంటికి ఇటుక ఎరుపు ఎలాగూ కలుస్తుంది కాబట్టి మాకు రెండు పనులూ ఒక్కసారే అయిపోయాయి.

మరకలన్నాక యాసిడ్ గుర్తొస్తుంది. ఇక్కడ ఒక్క నిమిషం సీరియస్‌గా. మన దగ్గర చాలామంది వారానికోసారి బాత్రూమ్‌లో యాసిడ్ పోస్తారు. అది మరకతో పాటు టైళ్ళ మధ్య సిమెంటు సందుల్ని తినేస్తుంది, కుళాయి పూతని తినేస్తుంది. అంతకంటే ఘోరం, యాసిడ్ పోసి, దాని మీద బ్లీచింగ్ పౌడర్ చల్లితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. కిటికీ లేని చిన్న గదిలో అది ప్రాణాల మీదకి తెస్తుంది. రెండూ కలిపి ఎప్పుడూ, ఎప్పుడూ వాడొద్దు. ఉప్పు మచ్చలకి నిమ్మచెక్కో వెనిగరో చాలు, మార్బుల్ మీద మాత్రం అవి కూడా పోయకండి. దాన్ని కూడా బ్లీచింగ్‌తో కలపకూడదు, అదీ ఆమ్లమే.

నేల

మా అత్త బాత్రూమ్‌లో ముందు పగలగొట్టింది నేలే. గ్లాసీ టైలు తడిస్తే జారుతుంది, ఇందులో వాదన లేదు. టైలు డబ్బా మీద గానీ, కంపెనీ కాగితం మీద గానీ ఆర్ 9, ఆర్ 10, ఆర్ 11 అని ఉంటుంది. అంకె పెరిగే కొద్దీ పట్టు ఎక్కువ. స్నానం చేసే చోటికి ఆర్ 10 తక్కువ కాకుండా, పెద్దవాళ్ళుంటే ఆర్ 11 అడగండి. షాపువాళ్ళు "యాంటీ స్కిడ్డే సార్" అంటారు. అంకె చూపించమనండి.

రెండోది సైజు. ఇప్పుడు రెండడుగులు ఇంటూ నాలుగడుగుల టైళ్ళు ఫ్యాషన్. హాల్లో బాగుంటాయి. చిన్న బాత్రూమ్ నేల నాలుగు వైపుల నుంచీ జాలీ వైపు వాలాలి కదా, అంత పెద్ద పలకని వంచలేం. అందుకని మేస్త్రి ఒకే వైపు వాలు పెడతాడు, మూలల్లో నీళ్ళు నిలుస్తాయి, అక్కడ పాచి పడుతుంది. మళ్ళీ జారడం. చదరపడుగు టైలు, లేదంటే ఇంకా చిన్నది వేయించండి. సందులు ఎక్కువ ఉంటాయి, కాలికి ఆ సందులే పట్టు ఇస్తాయి. ఆ సందుల్లో ఎపాక్సీ గ్రౌట్ నింపిస్తే నీళ్ళు పీల్చదు, మరక పట్టదు. మామూలు తెల్ల సిమెంటు కంటే ధర ఎక్కువే, కానీ చిన్న గదికి ఎంతో పట్టదు.

మేం ఎర్ర గచ్చు రంగుకి దగ్గరగా ఉన్న మ్యాట్ టైలు తెచ్చాం. మేస్త్రి మొదట ఒప్పుకోలేదు, "ఇంత డబ్బు పెట్టి మళ్ళీ పాత గచ్చులా చేయించుకుంటారేంటండీ?" అని. వేశాక ఆయనే ఫొటో తీసుకెళ్ళాడు.

ఇక్కడే ఒక తప్పు చేయబోయాం. వసారా నేల ఎరుపు, బాత్రూమ్ నేల ఎరుపు, మధ్యలో ఒక అంగుళం దిగుడు. నీళ్ళు బయటికి రాకుండా ఆ దిగుడు కావాలి. కానీ రెండు వైపులా ఒకే రంగుంటే, చూపు తగ్గినవాళ్ళకి దిగుడు కనపడదు. అంటే మరీ ఎక్కువ మ్యాచింగ్ అయినా ప్రమాదమే. అప్పుడు అత్తే చెప్పింది, "గడపకి పసుపు రాస్తాం కదరా, దానికీ రాయండి" అని. గడపకి పసుపు అందుకే పెట్టారని నేననను గానీ, చీకట్లో పసుపు గీత కనపడుతుందన్నది మాత్రం నిజం. మేం దిగుడు అంచుకి నాలుగంగుళాల పసుపు రంగు రాతి పట్టీ వేయించాం. ఇంట్లో మిగతా గడపలకీ పసుపే, దీనికీ పసుపే. ఇంతకంటే మంచి మ్యాచింగ్ నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు.

తెల్ల కమోడ్ కూడా అంతే. తెల్ల నేల, తెల్ల గోడ, తెల్ల కమోడ్ అంటే శుక్లాలున్న కంటికి మూడూ ఒకటే పొగమంచు. ఎర్ర నేల మీద తెల్ల కమోడ్ అయితే అంచు తేలిగ్గా కనపడుతుంది. ఎత్తు కూడా చూసుకోండి, పదిహేడు నుంచి పంతొమ్మిది అంగుళాల సీటు అయితే మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు లేవగలరు.

గోడ, తలుపు, కప్పు

గోడల సంగతి తొందరగా చెప్పేస్తాను. పాత ఇళ్ళల్లో గోడకి కింద మూడు నాలుగడుగులు ఒక రంగు, పైన సున్నం ఉండేది గుర్తుందా? అదే లోపలా చేయండి. కింద ముదురు, పైన మీగడ రంగు టైలు, మధ్యలో ఒక సన్నని అంచు. సున్నపు గోడ ఎప్పుడూ పాలలా తెల్లగా ఉండదు కాబట్టి, మిలమిల తెలుపు కాకుండా మీగడ తెలుపు తీసుకోండి. స్నానం చేసే వైపు ఏడడుగుల దాకా టైలు ఉండాలి, మిగతా చోట తక్కువైనా ఫర్వాలేదు.

తలుపు మాత్రం కాస్త ఆలోచించాలి. టేకు ఇంట్లో ప్లాస్టిక్ తలుపు పెడితే వెలితిగా ఉంటుంది. టేకు తలుపే పెడితే మన తేమకి కింద అంచు ఉబ్బి, మూడో ఏడు నేలకి రాసుకుంటుంది. మేం చౌకట్టు గ్రానైటుది పెట్టి, తలుపు డబ్ల్యూపీసీది తీసుకున్నాం, టేకు రంగులో. దానికి వడ్రంగి మేస్త్రి పాత కిటికీ రెక్క మీద ఉన్న చెక్కుడు పట్టీ ఒకటి బయటివైపు బిగించాడు. వసారాలోంచి చూస్తే ఇంటి తలుపే. ఇప్పుడు మన వైపు పాత లోగిళ్ళు పడగొడుతున్నారు కదా, ఆ కలపలో ఇలాంటి చిన్న ముక్కలు దొరుకుతాయి, అడిగి పెట్టుకోండి. తడి తగలని చోటే వాడండి.

ఇంకొకటి, తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల ఎవరైనా పడిపోతే, లోపలికి తెరిచే తలుపుకి వాళ్ళే అడ్డమవుతారు. మా అత్త పడ్డ రోజు అదే జరిగింది. తలుపు సందులోంచి చేయి పెట్టి అత్తని పక్కకి జరపడానికి ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. గడియ కూడా బయట్నుంచి తీయగలిగేది పెట్టించండి.

పెంకుటింటికి చెక్క దూలాలుంటాయి. వేడినీళ్ళ ఆవిరి నేరుగా పైకెళ్ళి దూలాలకి పట్టకూడదు. పీవీసీ పలకలతో సీలింగ్ వేసి, ఎగ్జాస్ట్ ఫ్యాను బయటికి పెట్టాం. గ్యాస్ గీజర్ ఉంటే అది బాత్రూమ్ లోపల ఉండనే కూడదండి. దాని మంట వల్ల వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు, మనిషికి తెలిసేలోపే స్పృహ పోతుంది. బయట గోడకి పెట్టి పైపు లోపలికి తీసుకోండి.

బంగారు కుళాయి సంగతి

బావ పంపించిన బంగారు రంగు కుళాయిలు ఆర్నెల్లకే పొక్కులు లేచాయి. బంగారు రంగు తప్పు కాదు. ఇత్తడి బిందెలున్న ఇంటికి ఆ రంగు చక్కగా కలుస్తుంది కూడా. కానీ లోపల జింక్ మిశ్రమం, పైన పల్చటి పూత ఉంటే ఉప్పునీళ్ళకి నిలవదు. చేత్తో పట్టుకుంటే బరువుగా ఉండాలి, కాగితం మీద బాడీ ఇత్తడి అని రాసి ఉండాలి, పూత పీవీడీ అయి ఉండాలి. స్టీలు సామాను కొంటే ఎస్‌ఎస్ 304 తక్కువ కాకుండా. సముద్రం పక్కన అయితే 316 ఇంకా మేలు, అందులో మాలిబ్డినం కలుస్తుంది కాబట్టి ఉప్పుకి తట్టుకుంటుంది. రేట్లు నేను చెప్పను, ఈ నెల రేటు వచ్చే నెల ఉండదు.

పట్టుకునే రాడ్డు పెడదామంటే అత్త వద్దంది, ఆసుపత్రిలా ఉంటుందని. అందుకని కుళాయిల రంగులోనే, ఇత్తడి రంగు రాడ్డు పెట్టాం. తువ్వాలు వేసుకునే దండెంలా కనపడుతుంది. నేల నుంచి ముప్ఫై మూడు, ముప్ఫై ఆరు అంగుళాల మధ్య ఎత్తులో. అయితే మామూలు తువ్వాలు రాడ్డు మనిషి బరువు ఆపదు, ఊడొస్తుంది. బరువు మోసే రకమే కొనాలి. పాత గోడలు సున్నంతో కట్టినవైతే మామూలు మేకులు నిలవవు, కెమికల్ యాంకర్ వేయమని అడగండి. వసారాలో ఊడదీసి పడేసిన చిలక్కొయ్యలు కూడా వెతికి, బాత్రూమ్ బయట గోడకి బిగించాం. పంచెలు, చీరలు తగిలించుకోడానికి. వాటిని చూసి మా అత్త ఎంత మురిసిపోయిందో.

లైటు. ఇంట్లో అంతా పసుపు కాంతి ఉండి, బాత్రూమ్‌లో 6500 కెల్విన్ తెల్ల లైటు వేస్తే, ఎర్ర టైలు చచ్చిపోయినట్టు కనపడుతుంది. 3000 కెల్విన్ బల్బు పెట్టండి, అద్దం దగ్గర మాత్రం 4000. నీలం ఎల్‌ఈడీ తీసేశాం. బావకి చెప్పలేదు, ఈ వీడియో చూస్తే తెలుస్తుంది.

గల్ఫ్ డబ్బుతో కట్టిన కొత్త డాబాలు

రాజోలు, మలికిపురం వైపు వెళ్తే ఇలాంటి ఇళ్ళు వరసగా ఉంటాయి. వాళ్ళని వెక్కిరించడం నాకిష్టం లేదు. ఎడారిలో పన్నెండేళ్ళు పని చేసినవాడికి, తను రోజూ శుభ్రం చేసిన హోటల్ బాత్రూమ్ లాంటిది తన ఇంట్లో ఉండాలనుకోవడంలో తప్పేముంది? కాకపోతే బాత్‌టబ్ దగ్గర ఒక్కసారి ఆలోచించండి. ఒక్కసారి నింపితే సుమారు నూట యాభై, రెండొందల లీటర్లు పోతాయి. డాబా మీద వెయ్యి లీటర్ల ట్యాంకులో అయిదో వంతు. నేను చూసిన చాలా టబ్బుల్లో ఇప్పుడు ఉతకాల్సిన దుప్పట్లున్నాయి. గాజు అడ్డు కూడా మన ఉప్పునీళ్ళకి వారంలో మసకబారుతుంది. నాలుగడుగుల అడ్డగోడ కట్టి, అదే టైలు వేస్తే తడి, పొడి వేరవుతాయి, తుడిచే పని ఉండదు. ఆ హోటల్ గుర్తుగా ఒక్కటి పెట్టుకోండి, పెద్ద షవరో, మంచి అద్దమో. మిగతాదంతా హాల్లోంచి తెచ్చుకోండి.

కొత్తపేట వైపు, లంకల దగ్గర ఉండేవాళ్ళకి వేరే లెక్క. 1986 వరద పెద్దవాళ్ళకి గుర్తుంటుంది, 2022 జులై వరద మనందరికీ గుర్తుంది. బేసిన్ కింద ప్లైవుడ్ క్యాబినెట్ పెట్టొద్దు, నీళ్ళొస్తే ఉబ్బి పోతుంది. బేసిన్‌ని గోడకి వేలాడదీసి కింద ఖాళీ వదిలేయండి. గీజరు ప్లగ్గు, స్విచ్చులు మీ ఇంట్లో గోడ మీద నీళ్ళ గీత ఎక్కడిదాకా ఉందో దానికి పైన. సెప్టిక్ ట్యాంకు పైపుకి నీళ్ళు వెనక్కి రాకుండా నాన్ రిటర్న్ వాల్వు ఒకటి. ఇవి డెకరేషన్ కాదు కదా అంటారేమో. బురద గీత పడ్డ గోడకి ఏ డెకరేషన్ చేస్తాం చెప్పండి.

అద్దె ఇల్లయితే

అమలాపురంలో చదువుకోడానికో ఉద్యోగానికో అద్దెకుండేవాళ్ళు, ఒక్క టైలూ మార్చలేనివాళ్ళు. మీకు నాలుగే నాలుగు. ఒకటి బల్బు, ఇందాక చెప్పాను. రెండు, బకెట్టూ మగ్గూ. నవ్వకండి. లక్షలు పెట్టిన బాత్రూమ్‌లో కూడా ఫొటో తీస్తే ముందు కనపడేది నీలం బకెట్టు, గులాబీ మగ్గే. రెండూ ఒకే రంగువి, మీ గదిలో దుప్పటికో కర్టెనుకో దగ్గర రంగువి కొనండి. స్టీలు బకెట్టు అయితే ఏ ఇంటికైనా కలుస్తుంది. మూడు, గుమ్మం బయట కొబ్బరి పీచు పట్టా. కొబ్బరంటే మన అంబాజీపేట ఉండగా ఎక్కడో ఆన్‌లైన్‌లో వెతకడం ఎందుకు? లోపల వేయకండి, రోజూ ఎండలో ఆరేయండి. నాలుగు, కిటికీలో ఒక మొక్క. కడియం నర్సరీల దాకా వెళ్ళే పని లేదు, పక్కింటి వాళ్ళ మనీప్లాంట్ తీగ తుంచి సీసాలో పెడితే చాలు, బాత్రూమ్ తేమ దానికి బాగానే పడుతుంది.

వాస్తు గురించి అడుగుతారని తెలుసు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పినట్టు చేసుకోండి. ఏ దిక్కున పెట్టినా కిటికీ ఉండాలి, నూతికి మరుగుదొడ్డి గొయ్యి వీలైనంత దూరంగా ఉండాలి. మన దగ్గర నేల కింద నీళ్ళు పైకే ఉంటాయి, గొయ్యిలోది నూతిలోకి చేరడానికి ఎక్కువ రోజులు పట్టదు.

అత్త ఇప్పుడు ఆ బాత్రూమే వాడుతోంది. మొదటి వారం ఎవరో ఒకరు తలుపు బయట నిలబడాల్సి వచ్చింది. మొన్న వెళ్ళినప్పుడు చూస్తే, రాడ్డు మీద తడి తువ్వాలు, మూల ఇత్తడి చెంబు, పసుపు పట్టీ మీద పండక్కి వేసిన ముగ్గు. పెరట్లో తడిక మాత్రం తీయనివ్వలేదు. "ఉండనీరా, వేసవిలో నూతి నీళ్ళు పోసుకుంటా" అంది.

వచ్చే ఎపిసోడ్‌లో సెప్టిక్ ట్యాంకు సైజు, దానికి గాలి గొట్టం ఎక్కడ పెట్టాలో చూద్దాం. ఉంటానండి మరి.